చరోదా వసారాలో రెండు కర్రలు

2025 జులై, హరేలీ సాయంత్రం. ఛత్తీస్‌గఢ్ రైతు నాగలినీ పారనీ కడిగి బొట్టు పెట్టి మొక్కుకునే పండగ. భిలాయి-3 నుంచి చరోదా వచ్చే వీధి పొడుగునా గుమ్మాలకు వేపరెమ్మలు కట్టి ఉన్నాయి. పిల్లలు గేడీలనే వెదురు కర్రకాళ్ళెక్కి బురదలో టకటకా నడుస్తున్నారు. వెనక మార్షలింగ్ యార్డులో గూడ్సు పెట్టెలు ఒకదాన్నొకటి గుద్దుకుంటున్న చప్పుడు. చిన్నప్పుడు ఆ చప్పుడు వినబడకపోతే నాకు నిద్ర పట్టేది కాదు.

నేను ఐర్లండులో, కార్క్ కౌంటీలో నర్సుని. సెలవు మీద వచ్చి ఒకరోజైంది. మావయ్య గూడ్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. దల్లీ రాజ్‌హరా గనుల నుంచి భిలాయి ఉక్కు ప్లాంటుకు ఇనుప రాయి మోసిన మనిషి. ఆయన మనవరాలికి పద్నాలుగేళ్ళు, హాకీ ఆడుతుంది. వచ్చే ఆదివారం రాజ్‌నంద్‌గావ్‌లో స్పోర్ట్స్ హాస్టల్ సెలక్షన్లు. నా కొడుక్కి పదేళ్ళు, అక్కడ హర్లింగ్ ఆడతాడు. అక్కకి ఇమ్మని తన కర్రల్లో ఒకటి నా పెట్టెలో పెట్టించాడు. నాకూ మావయ్యకీ మాట ఆ కర్ర దగ్గరే మొదలైంది.

మావయ్య: ఇదేటమ్మా, ఆటకర్రా, గరిటా?

నేను: హర్లీ అంటారు మావయ్యా. వాళ్ళ సొంత భాషలో కమాన్. చివర చూడు, అరచెయ్యంత వెడల్పు. రెండు వైపులా కొట్టొచ్చు. బంతిని గాల్లో ఉండగానే బాదొచ్చు, చేత్తో పట్టొచ్చు, కర్ర చివర నిలబెట్టుకుని పరిగెత్తొచ్చు. జట్టుకు పదిహేను మంది. గోలుపోస్టు ఇంగ్లీషు హెచ్ అక్షరంలా ఉంటుంది. అడ్డకర్ర మీంచి పంపితే ఒక పాయింటు. కింద వలలోకి కొడితే గోలు, అంటే మూడు పాయింట్లు.

మావయ్య: తలలు మిగులుతాయేటి?

నేను: 2010 నుంచి ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్టు అందరికీ తప్పనిసరి చేశారు. అంతకుముందు కొందరు ఉత్త తలలతోనే ఆడేవాళ్ళు.

మావయ్య కర్రని లైటు కిందికి తెచ్చి బొటనవేలి గోటితో దాని మీది గీతల వెంట రాసుకుంటూ వెళ్ళాడు. పిడి దగ్గర తిన్నగా దిగిన గీతలు కింద వంపు దగ్గరికి వచ్చేసరికి తామూ వంపు తిరిగాయి. ఎక్కడా తెగలేదు. వెడల్పు చివరన సన్నటి రేకు పట్టీ చుట్టి చిన్న మేకులు కొట్టి ఉంది. ఒక మేకు తల కొంచెం పైకి లేచింది. దాన్ని వేలితో నొక్కి చూశాడు.

మావయ్య: దీన్ని మనిషి వంచలేదు. చెట్టే ఇలాగ పెరిగింది.

నేను: ఔను. ఏష్ అనే చెట్టుది. మాను మొదట్లో, వేరు పక్కకి తిరిగే చోట కోస్తారు. అందుకే చెట్టుకి కొద్ది కర్రలే వస్తాయి. 2012లో ఐర్లండు ఏష్ చెట్లకి తెగులు కనబడింది. అడవులకి అడవులు ఎండుతున్నాయి. కలప బయటి దేశాల నుంచి తెప్పించుకుంటున్నారు. వెదురుతో చేసిన హర్లీలు కూడా వచ్చాయిప్పుడు.

మావయ్య వీధిలో గేడీల మీద పోతున్న పిల్లల వంక చూశాడు.

మావయ్య: మాకు మల్బరీ కర్ర. జలంధరు నుంచి వచ్చేది. నాలుగు మాచీలకు చీలిపోతే సైకిలు ట్యూబు కోసి చుట్టి మళ్ళీ ఆడేవాళ్ళం. సరే, అది పక్కన పెట్టు. నీ కొడుకు ఈ ఆట బాగా ఆడతాడనుకో. పెద్దయ్యాక ఏటవుతాడు? జీతమెంతిస్తారు?

నేను: జీతం ఉండదు మావయ్యా.

మావయ్య: పిల్లలకి కాదే, పెద్దాళ్ళకి.

నేను: పెద్దవాళ్ళకీ లేదు. 1884 నవంబరు 1న టిపరెరీలో తర్లెస్ అనే ఊళ్ళో ఒక హోటల్లో కొద్దిమంది కూర్చుని గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ పెట్టారు. అప్పటికి వాళ్ళది ఇంగ్లీషువాళ్ళ ఏలుబడి. తమ ఆటలు తమ కళ్ళముందే పోతున్నాయని పెట్టుకున్న సంఘమది. నూట నలభై ఏళ్ళు దాటింది. ఇప్పటికీ ఆటగాడికి జీతం లేదన్న కట్టుబాటు మారలేదు. డబ్లిన్లో క్రోక్ పార్క్ అని వాళ్ళ స్టేడియం, 82,300 మంది పడతారు. ఫైనల్ రోజు ఒక్క కుర్చీ ఖాళీ ఉండదు. అంతమంది ముందు ఆడినవాడికి దారిఖర్చులు, ప్రభుత్వం ఇచ్చే కొద్దిపాటి గ్రాంటు, అంతే. సెలవైపోగానే టీచరు బడికి పోతాడు, పోలీసు స్టేషనుకి పోతాడు, రైతు ఆవుల దగ్గరికి పోతాడు. ఇంకో మాట. నువ్వు ఏ ఊరివాడివో ఆ ఊరికే ఆడాలి, ఏ కౌంటీవాడివో ఆ కౌంటీకే. డబ్బిచ్చి ఆటగాళ్ళని కొనుక్కునే పద్ధతి లేదు.

మావయ్య: కడుపు నిండిన దేశం అలాంటి ఆట ఆడుకోవచ్చు తల్లీ. నా మాట విను. దుర్గ్‌లో కేలాబాడీ తెలుసు కదా, ఇక్కణ్ణించి ఎంతో దూరం లేదు. సబా అంజుమ్ అక్కడి పిల్లే. తండ్రి మసీదులో అజాన్ ఇచ్చేవాడు. 2002లో మాంచెస్టర్ కామన్వెల్త్ ఆటల్లో మన ఆడపిల్లలు ఇంగ్లండుని వాళ్ళ గడ్డ మీదే ఓడించి బంగారు పతకం తెచ్చారు. ఆ జట్టులో ఉందామె. అప్పటికి పదిహేడేళ్ళు. తరవాత జట్టుకి కెప్టెనైంది, 2013లో అర్జున, 2015లో పద్మశ్రీ. అవన్నీ గోడకి. ఇంటికేటొచ్చిందో చెప్పమంటావా? రాష్ట్రం ఆమెని పోలీసులో డీఎస్పీని చేసింది. జీపులోంచి దిగుతుంటే కేలాబాడీ పిల్లలందరూ చూశారు. రేణుకా యాదవ్ ఉంది, రాజ్‌నంద్‌గావ్ పిల్ల. పాలమ్ముకునే ఇల్లు. 2016లో రియో ఒలింపిక్స్‌కి వెళ్ళింది. మన ఆడవాళ్ళ హాకీ జట్టు ఒలింపిక్స్ మెట్టెక్కడం 1980 తరవాత అదే మొదటిసారి. ఈ పిల్లలకి ఊరి పేరు కోసం ఆడండి, జీతం అడక్కండి అని చెప్పడానికి నాకు నోరు రాదు.

నేను: నేనలా చెప్పమనడం లేదు. చిన్నదాన్ని పద్నాలుగో ఏట ఇంట్లోంచి తీసి హాస్టల్లో పెట్టి, నువ్వు ఉద్యోగం తేవాలి అని నెత్తిన బరువు పెట్టొద్దంటున్నాను. రేణుక వెళ్ళిన ఆ రియో జట్టే తీసుకో. మన చిత్తూరు వైపు యనమలవారిపల్లె రజని దానికి రిజర్వు గోల్‌కీపరు, వడ్రంగి కూతురు. దేశం మొత్తం మీద జట్టులో పదహారు మందికే చోటు. ఆ పదహారు మందినీ మనం పేరుపేరునా చెప్పుకుంటాం. అదే వయసులో అవే హాస్టళ్ళలో పడుకుని, పొద్దున్నే నాలుగున్నరకి లేచి పరిగెత్తి, మోకాలు పోయో సెలక్షన్లో పేరు రాకో ఇంటికొచ్చేసిన పిల్లల్ని ఎవరు తలుచుకుంటున్నారు? నా చిన్నప్పుడు మన వీధిలోనే ఉండేది ఒకామె. ఇరవయ్యో ఏట ఇంటికొచ్చేసింది. ఆ తరవాత కర్ర పట్టుకోగా నేను చూడలేదు. గ్రౌండు పక్కనించి నడిచేటప్పుడు కూడా అటు చూసేది కాదు.

మావయ్య కాసేపు మాట్లాడలేదు. ఆమె ఎవరో ఆయనకీ తెలుసు.

మావయ్య: పోనీ అక్కడ పేరు రానివాళ్ళు ఏం చేస్తారు?

నేను: ఆడతారు. కౌంటీ జట్టులో చోటు పోతే ఊరి జట్టుంది. పెద్ద జట్టులో లేకపోతే రెండో జట్టుంది, మూడోది కూడా ఉంటుంది. నా కొడుక్కి శనివారం ఆట నేర్పేది ఒక కరెంటు పనివాడు. ఎప్పుడూ కౌంటీకి ఆడలేదు. యాభై దగ్గర పడుతున్నాయి, ఈ పిల్లలకి బంతులు విసురుతూ ఉంటాడు. హెన్రీ షెఫ్లిన్ అని కిల్‌కెన్నీ ఆటగాడున్నాడు, పది ఆల్-ఐర్లండు పతకాలు. అతని ఆఖరి పెద్ద ఆట ఏ జట్టుకో తెలుసా? 2015 మార్చిలో తన ఊరి క్లబ్బుకి. ఆ కప్పు గెలిచి పది రోజులు తిరక్కుండా కౌంటీ ఆట నుంచి రిటైరయ్యానని చెప్పాడు. అంత ఆడినవాడికి ఊరి జట్టు చిన్నదనిపించలేదు.

మావయ్య: అంటే వాళ్ళకి ఆట చుట్టూ ఊరుంది. మనకి ఆట చుట్టూ ఉద్యోగం ఉంది. ఇది వాళ్ళ గొప్పా కాదు, మన తప్పూ కాదు. నీకు మా అయ్య సంగతి తెలుసు కదా. విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కి 1931లో రైలు దారి పూర్తయ్యాక మన శ్రీకాకుళం, విజయనగరం మనుషులు ఆ పట్టాలెంటే ఇటొచ్చారు. మా అయ్యా అలాగే. బెంగాల్ నాగపూర్ రైల్వే అంటే మనకి అన్నం పెట్టిన తల్లి. లెస్లీ క్లాడియస్ పేరు విన్నావా? 1927లో మన బిలాస్‌పూర్‌లో పుట్టాడు. ఖరగ్‌పూర్‌లో ఉన్నప్పుడు అతను ఫుట్‌బాల్ ఆడే కుర్రాడు. రైల్వే హాకీ జట్టుకి ఒక మనిషి తక్కువైతే రమ్మన్నారు. అలా కర్ర పట్టిన మనిషి 1948, 52, 56 ఒలింపిక్స్‌లో మూడు బంగారాలు తెచ్చాడు, 1960లో వెండి. రైల్వేకి జట్టే లేకపోతే క్లాడియస్ ఎక్కడ? ఇప్పటికీ ఆడవాళ్ళ జాతీయ హాకీలో రైల్వే జట్టుని ఓడించడం ఎంత కష్టమో అడుగు. జీతం ఇచ్చింది కాబట్టే ఆట నిలబడింది.

నేను: నువ్వే చెప్పావు చూడు. క్లాడియస్ జట్టు దొరికాక ఆడాడు కానీ ఉద్యోగం కోసం కర్ర పట్టలేదు. మనిషి తక్కువైతే పక్కనున్నవాణ్ణి పిలిచే గ్రౌండు ఒకటి ఉంది అక్కడ. నేనడుగుతున్నది ఆ గ్రౌండుని.

మావయ్య: ఉద్యోగస్తుల గ్రౌండు అది!

(ఇక్కడ ఇద్దరం గొంతు పెంచాం. అత్తయ్య లోపల్నించి వచ్చి చీలా పళ్ళెం మా మధ్య పెట్టి వెళ్ళింది. బియ్యప్పిండి అట్టు, టొమాటో పచ్చడి. శ్రీకాకుళం ఇంట్లో ఛత్తీస్‌గఢీ పలహారం. అరవై ఏళ్ళుగా ఈ ఇంట్లో ఇదే రుచి.)

నేను: ఒకతని కథ చెప్తాను విను మావయ్యా. షాన్ ఓగ్ ఓ హాల్‌పీన్. పుట్టింది ఫిజీ దీవుల్లో, రొటుమాలో, 1977లో. తల్లి అక్కడామె. తండ్రి ఐర్లండులో ఫెర్మానా కౌంటీవాడు. ఫెర్మానాలో గేలిక్ ఫుట్‌బాలే గానీ హర్లింగ్ పెద్దగా ఆడరు. సిడ్నీలో పెరిగి 1988లో కుటుంబంతో కార్క్‌కి వచ్చాడు. అప్పటికి హర్లీ కర్ర పట్టడం రాదు, రంగు వేరు, యాస వేరు. ఊరి క్లబ్బులో చేర్చారు. మిగతా పిల్లలు మూడేళ్ళకే పట్టే కర్ర ఇతను పదకొండేళ్ళకి పట్టాడు. 1999లో కార్క్‌తో ఆల్-ఐర్లండు గెలిచాడు. 2001లో కారు ప్రమాదంలో మోకాలి స్నాయువు తెగింది, ఇక ఆడలేడేమోనన్నారు. మరుసటి ఏడు మళ్ళీ దిగాడు. 2004లో మళ్ళీ గెలిచారు, ఆ ఏడాది దేశం మొత్తానికి ఉత్తమ హర్లర్ అతనే. 2005లో కెప్టెన్‌గా కప్పెత్తి, గెలిచినవాడు చెయ్యాల్సిన ప్రసంగం మొత్తం ఐరిష్ భాషలో చేశాడు. ఐర్లండులో పుట్టినవాళ్ళలోనే చాలామందికి ఆ భాష ధారగా రాదు. ఇంతా చేసి ఉద్యోగం బ్యాంకులో. ఆట అతనికి జీతం ఇవ్వలేదు, ఊరిచ్చింది. మా ఇంట్లో వాడికి కావలసింది ఆ ఊరు మావయ్యా. జీతం నేను తెస్తున్నాను.

మావయ్య: మంచి కథే. మరి ఆ కార్క్ ఆటగాళ్ళే సమ్మె చేశారని నువ్వే ఫోనులో చెప్పావు ఒకసారి.

నేను: ఔను. 2002లో. షాన్ ఓగ్ కూడా అందులో ఉన్నాడు.

మావయ్య: దేనికి?

నేను: జీతం కోసం కాదు. దెబ్బ తగిలితే చూసే డాక్టరు, ప్రయాణానికి సరైన ఏర్పాటు, వ్యాయామశాల, ఇలాంటివే. కొన్ని వారాల్లోనే కౌంటీ బోర్డు దిగొచ్చింది. తరవాత మళ్ళీ రెండుసార్లు గొడవలయ్యాయి.

మావయ్య: మరదే చెప్పేది! ఊరి మీద ప్రేమ పేరు చెప్పి ఒంటిని అరగదీస్తే ఏ మనిషైనా ఎదురు తిరుగుతాడు. 1974 మే నెలలో రైల్వే సమ్మెప్పుడు నాకు పదిహేడేళ్ళు. ఇరవై రోజులు బళ్ళు ఆగిపోయాయి. యార్డులో చప్పుడు లేదు. మా అయ్య వసారాలో కూర్చుని ఆ నిశ్శబ్దం వినేవాడు. ఇంట్లో గంజి తాగాం. ఆయనకి బండి మీద ప్రేమ లేకనా? బాయిలరు చప్పుడు వింటే ఏ ఇంజనో చెప్పేవాడు. ప్రేమ ఉన్నవాడికే ముందు అన్నం పెట్టాలి. నా వాదం అదొక్కటే.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. అందుకే దాన్ని దాటవెయ్యకుండా రాస్తున్నాను.

మావయ్య: పోనీ మొన్న ఫైనల్ ఏమైంది? నీ కొడుకు ఏడుస్తున్నాడని ఫోను పెట్టేశావు.

నేను: జులై 20, ఆదివారం. కార్క్, టిపరెరీ. సగం ఆటకి మేం ఆరు పాయింట్లు ముందున్నాం. 2005 తరవాత కప్పు రాలేదు కదా, మా వీధంతా ఎర్ర జెండాలే. రెండో సగంలో కార్క్ మొత్తం మీద రెండే రెండు పాయింట్లు చేసింది. ఎలా కూలిపోయారో ఎవరికీ అర్థం కాలేదు. మమ్మల్ని కూల్చినవాళ్ళలో ఒకడు డారా మెకార్తీ, టూమవారా అనే పల్లెవాడు. పందొమ్మిదేళ్ళు. ఒక గోలు, పదమూడు పాయింట్లు ఒక్కడే కొట్టాడు. ఇదే కుర్రాణ్ణి ఏప్రిల్లో మా కార్క్‌తో ఆడినప్పుడు, ఆట మొదలవకముందే ప్రత్యర్థిని కర్రతో కొట్టాడని రెడ్ కార్డు చూపించి పంపేశారు. జట్టు పద్నాలుగు మందితో ఆడి చిత్తుగా ఓడింది. తరవాత సెమీఫైనల్లో, కిల్‌కెన్నీ మీద, మళ్ళీ బయటికి పంపారు. ఒక్క సీజన్లో రెండుసార్లు. అయినా ఫైనల్లో పెనాల్టీ కొట్టమని బంతి అతని చేతికే ఇచ్చారు. నా కొడుకు ఏడుపు ఆపుకుని ఏమన్నాడో తెలుసా? అమ్మా, వాడి ఊరివాళ్ళు వాణ్ణి వదల్లేదు అన్నాడు.

మావయ్య ఆ మాట దగ్గర ఆగాడు. హర్లీని మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకున్నాడు.

మావయ్య: మన పిల్లలకి అదే లేదు. రెండో సారి. సెలక్షను రోజు జ్వరం వస్తే పోయింది. ఒక మాచిలో తప్పు చేస్తే పోయింది. వయసు దాటితే పోయింది. రైలు వెళ్ళిపోయినట్టే. అందుకే ఈ ఆదివారం దాన్ని పంపాలంటున్నాను. మళ్ళీ ఏడాదికి దానికి చోటు ఉంటుందో లేదో.

నేను: అందుకే కదా నేను భయపడేది.

మావయ్య: నీకు భయం లేదేటి అక్కడ? డబ్లిన్లో మొన్న ఒక భారతీయుణ్ణి రోడ్డు మీద కొట్టి రక్తాలతో వదిలేశారని పేపర్లో చదివాను. ఆ ఆట ఆ దెబ్బలని ఆపిందేటి?

నేను: ఆపలేదు. 2022 లెక్కల్లో ఐర్లండులో మన పౌరులు 45 వేలు దాటారు, ఆరేళ్ళలో మూడింతలకు మించి పెరిగారు. అది కొందరికి కంటగింపైంది. ఆ వార్త వచ్చిన రోజు నేను నైట్ డ్యూటీకి వెళ్ళాలి. బస్టాపులో నిలబడాలంటే కాళ్ళు వణికాయి. మా వాడి జట్టులో ఒక పిల్లాడి తల్లి కారు తెచ్చి వాకిట్లో ఆపింది. ఎక్కు, ఈ వారమంతా నేనే దింపుతాను అంది. ఆమె పేరు తప్ప నాకేమీ తెలియదు అప్పటివరకు. శనివారం శనివారం గ్రౌండు పక్కన వానలో నిలబడి ఇద్దరం ఒకే జట్టుకి అరిచేవాళ్ళం, అంతే మా పరిచయం. ఆట దెబ్బల్ని ఆపదు మావయ్యా. ఆ కారు ఆట పంపించింది.

అత్తయ్య లోపలే ఉండి వింటోంది కాబోలు, "ఆవిడ చల్లగుండాల" అంది.

మావయ్య: నిజమే. సాటి మనిషి దగ్గరికి రావడానికి ఒక దారి ఉండాల. ఇక్కడ మాకు పండగలున్నాయి, సెక్టార్-5 బాలాజీ గుడి ఉంది, యార్డు ఉంది. సరే, ఆడపిల్ల సంగతి చెప్పు. అక్కడ ఆడపిల్లలు ఆడతారా ఇది?

నేను: కమోగీ అంటారు ఆడవాళ్ళ ఆటని. దాదాపు ఇదే. మా వార్డులో ఒక నర్సు ఆడుతుంది. అక్కడా ఆడపిల్లలకి అన్నీ తేలిగ్గా రాలేదు. ఈ మే నెలదాకా లాగు వేసుకుని ఆడనివ్వలేదు, పావడా లాంటిది వేసుకోవాలని నియమం. డబ్లిన్, కిల్‌కెన్నీ అమ్మాయిలు లాగులతో దిగితే మార్చుకుంటే తప్ప ఆట సాగదన్నారు. దేశమంతా గోల చేసింది. సంఘం ఓటు పెట్టి నియమం మార్చుకుంది.

మావయ్య: ఇక్కడ మన చిన్నది లాగుతో గ్రౌండుకి పోతుంటే మొదట్లో నాలుగు నోళ్ళు లేచాయి. నేనే పక్కన నడిచేవాణ్ణి రోజూ. నెల్లాళ్ళకి నోళ్ళు మూతబడ్డాయి.

నేను: నువ్వు పక్కన నడిచావు కాబట్టి. హాస్టల్లో ఎవరు నడుస్తారు?

మళ్ళీ మౌనం. యార్డు నుంచి ఒక ఇంజను కూత. మావయ్య చేతి గడియారం చూసుకున్నాడు. రిటైరై ఎనిమిదేళ్ళైనా ఆ అలవాటు పోలేదు.

నేను: మావయ్యా, ఒకటడుగుతాను. నువ్వు ఎన్నేళ్ళు ఆడావు?

మావయ్య: రైల్వే ఇన్‌స్టిట్యూట్ జట్టుకా? పద్దెనిమిదేళ్ళు. లెఫ్ట్ హాఫ్.

నేను: ఎంతిచ్చారు?

మావయ్య: ఎవరిస్తారే? టీ, అరటిపండు ఇచ్చేవాళ్ళు. రాజ్‌నంద్‌గావ్‌లో మహంత్ సర్వేశ్వర్‌దాస్ పేరిట జరిగే టోర్నమెంటుకి దేశం నలుమూలల నుంచీ జట్లొచ్చేవి. డ్యూటీ దిగి, స్నానం కూడా చెయ్యకుండా, పాసింజరెక్కి వెళ్ళి నిలబడి చూసేవాణ్ణి. మర్నాడు గ్రౌండుకొచ్చి వాళ్ళు చేసినవన్నీ చెయ్యాలని చూసేవాళ్ళం. ఎర్రమట్టి గ్రౌండు, బంతి ఎటు లేస్తుందో తెలీదు. మాచి రోజు నా ట్రిప్పు ఇంకొకడు తీసుకునేవాడు. అతని ఇంట్లో పెళ్ళైతే నేను అతని ట్రిప్పు లాగేవాణ్ణి. ఇదిగో...

పంచె అంచు కొంచెం పైకి లాగి కాలి ముందు ఎముక మీద మచ్చ చూపించాడు. రూపాయి బిళ్ళంత ఉంది, మధ్యలో గుంట. చిన్నప్పుడు మేమంతా అది బొగ్గుల పొయ్యి దెబ్బ అనుకునేవాళ్ళం.

నేను: మరి నువ్వు ఐర్లండువాడివే కదా! సోమవారం ఇంజను, ఆదివారం కర్ర. జీతం లేదు, నీ ఊరికి ఆడావు, ఊరివాళ్ళు నీ ట్రిప్పు లాగారు. ఇంతసేపూ నేను అక్కడిదని చెప్తున్నదంతా నువ్వు ఇక్కడే, ఈ యార్డు పక్కనే బతికావు. ఆ మాట ఒప్పుకోవడానికి నీకేంటి కష్టం?

మావయ్య: కష్టమే తల్లీ. ఎందుకో చెప్తాను. నేను ఆడగలిగానంటే నా జేబులో రైల్వే పాసు ఉంది. నెల తిరిగితే జీతం. జబ్బు చేస్తే ఆసుపత్రి. నీ ఐర్లండు టీచరుకీ పోలీసుకీ అదే ఉంది. ముందు ఉద్యోగం, దాని నీడలో ఆట. మీ బావకి ఏది ఆ నీడ? ప్లాంటులోనే పని. గేటు అదే, హెల్మెట్టు అదే. కానీ ఠేకాదారు మనిషి, కాంట్రాక్టు కూలీ. ఈ నెల పని ఉంది, వచ్చే నెల చెప్పలేం. ఆదివారం కర్ర పట్టి గ్రౌండుకి పోతే ఆ రోజు కూలి పోతుంది. నా కొడుకు నాకంటే బాగా ఆడేవాడు, తెలుసా నీకు? రైట్ ఇన్. నేను బతికిన బతుకు వాడికి రాలేదు. అందుకే వాడి కూతురి విషయంలో నేను తిరగేసి ఆలోచిస్తున్నాను. ఉద్యోగం నీడలో ఆట దొరకనప్పుడు, ఆట మీదుగానైనా ఉద్యోగం దొరకాలి. దానికి పాతికేళ్ళు వచ్చేసరికి పక్కా నౌకరీ ఉంటే, ఆ తరవాత అది సరదాకి ఆడుకుంటుంది. నేను చూడకపోయినా ఫరవాలేదు.

ఆయన గొంతు అక్కడ కొంచెం జీరబోయింది. నేను చీలా ముక్క తుంచి పళ్ళెంలోనే పెట్టేశాను.

నేను: బావ బాగా ఆడేవాడని నాకు తెలీదు.

మావయ్య: చెప్పుకోడు.

నేను: సరే, పంపుదాం. కానీ నేను అడిగేవి కూడా విను. బడి మానకూడదు. హాస్టల్లో పేరు వచ్చినా ఇక్కడి గ్రౌండులో దాని పేరు ఉండాలి. సెలవులకి వస్తే ఈ వీధి పిల్లలతో ఆడాలి. పేరు రాకపోయినా సోమవారం సాయంత్రం అది కర్ర పట్టుకుని గ్రౌండుకి వెళ్ళాలి. ఆ రోజు దాని పక్కన నువ్వు నడవాలి. ఇంకో మాట, 2018లో లండన్ హాకీ ప్రపంచకప్పులో మన అమ్మాయిలు క్వార్టర్ ఫైనల్లో ఎవరి చేతిలో ఓడారు? ఐర్లండు చేతిలో, షూటౌట్‌లో. ఆ ఐర్లండు అమ్మాయిలు ఉద్యోగాలు చేసుకుంటూ, చదువుకుంటూ ఆడినవాళ్ళు. సొంత డబ్బు కూడా వేసుకున్నారు. ఫైనల్ దాకా వెళ్ళారు. ఊరి ఆట బలహీనమైన ఆట కాదు మావయ్యా.

మావయ్య: గ్రౌండులో ఇప్పుడు ఎవరున్నారు? సగం గడ్డి, సగం బళ్ళు నిలబెడుతున్నారు.

నేను: నువ్వున్నావు. లెఫ్ట్ హాఫ్.

అప్పుడే చిన్నది వచ్చింది. మోకాళ్ళదాకా ఎర్రమట్టి. మా మాటల్లో ఎంత విన్నదో తెలీదు. తాత మోకాళ్ళ మీద ఉన్న హర్లీని చూసి, "పిన్నీ, తమ్ముడు పంపిందా?" అంటూ తీసుకుంది. వసారా మెట్టు మీద ఉన్న టెన్నిసు బంతిని దాని చివరతో కిందనించి లాగి, పైకి ఎగరేసి, వెడల్పు మీద నిలబెట్టింది. రెండుసార్లు దొర్లిపోయింది. మూడోసారి నిలబడింది. బంతిని చూస్తూ వాకిట్లో నాలుగడుగులు నడిచింది, తరవాత మెల్లగా పరుగందుకుంది.

"కర్ర అంత పైకెత్తితే విజిల్ ఊదేస్తారు," అన్నాడు మావయ్య.

"ఇది హాకీ కాదు కదా తాతా," అంది వెనక్కి తిరక్కుండా.

మావయ్య లోపలికెళ్ళి చిన్న సుత్తి తెచ్చాడు. పైకి లేచిన ఆ మేకు సంగతి ఆయన మరిచిపోలేదు. దాన్ని ఇటివ్వమని మనవరాలికి చెయ్యి చాచాడు. అది ఇవ్వలేదు, ఇంకా పరిగెడుతూనే ఉంది. సుత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడే, "ఆదివారం పొద్దున్న డోంగర్‌గఢ్ వైపు లోకలు ఎన్నింటికో బావనడుగు," అన్నాడు నాతో. "వాడు కూడా వస్తాడేమో. ఆ రోజు కూలి నేనిస్తానని చెప్పు."